తీరిక రక్షణాధికారి గారి కిటికీ

కొత్తగెడ్డ పురపాలక సంఘం కమిషనరు నిరంజన ప్రసాద్ గారు ఎక్కడికైనా శిక్షణ తరగతులకి వెళ్ళొచ్చారంటే ఊరికి ఏదో ఒకటి మూడిందన్నమాటే. కిందటిసారి వెళ్ళొచ్చి చెత్తకుండీలన్నిటికీ నదుల పేర్లు పెట్టించారు. పారిశుద్ధ్య సిబ్బంది "నాగావళి నిండిపోయింది, గోస్తనీ తిరగబడింది" అని ఫోన్లలో చెప్పుకుంటుంటే విని పల్లపు వీధులవాళ్ళు సామాన్లు అటకెక్కించుకున్నారు.

ఈసారి ఆయన వచ్చీ రాగానే సిబ్బందినందరినీ సమావేశపు హాల్లో కూర్చోబెట్టారు.

"మన పౌరులు రోజూ సాయంత్రం తమ తీరిక సమయాన్ని టెలివిజన్ వీక్షణంలో పోగొట్టుకుంటున్నారని అధ్యయనాల్లో తేలింది. పోగొట్టుకుంటున్నారు అన్న మాటని మీరంతా గమనించాలి. ఒక పౌరుడు సైకిలు పోగొట్టుకుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా?"

ఊరుకుంటుందని అక్కడున్న వాళ్ళందరికీ అనుభవం మీద తెలుసు. 

"ఊరుకోదు! కాబట్టి పోయిన తీరికను పట్టుకుని, దాని యజమానులకు తిరిగి అప్పగించే బాధ్యత మన మీద ఉంది."

పట్టుకోవడం అనగానే అందరి కళ్ళూ వెనక వరసలో కూర్చున్న గొర్లె పోలినాయుడి మీదికి వెళ్ళాయి. పోలినాయుడు శానిటరీ ఇన్‌స్పెక్టరు. వీధికుక్కల్ని పట్టే విభాగం కూడా అతని చేతికిందే ఉంది. అదుపు తప్పి తిరిగేవాటిని పట్టి తేవడంలో పురపాలక సంఘం మొత్తానికి అనుభవం ఉన్నవాడు అతనొక్కడే. ఆ మధ్యాహ్నమే అతన్ని 'తీరిక రక్షణాధికారి, అదనపు బాధ్యతలు' అని నియమిస్తూ ఉత్తర్వు వచ్చేసింది. పోలినాయుడు ఉత్తర్వులకి ఎదురు చెప్పే మనిషి కాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ భార్యతో, "పైడీ, కుక్కలతో పాటు తీరిక కూడా నాకే ఇచ్చినారు" అన్నాడు.

పైడితల్లి టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "కరవకుండా సూసుకో మావా" అంది.

ఆమె పక్కన అదే చాప మీద పోలినాయుడి తల్లి అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. వాళ్ళ వెనక కూతురు హైమ. సీరియల్లో ఒక మేనత్త ఎవరి పాలలోనో ఏదో కలుపుతోంది. "దీని సేతులిరిగిపోను" అని అత్తా కోడలూ ఒకే గొంతుతో తిట్టారు. ఆ వీధిలో అత్తా కోడళ్ళు పోట్లాడుకోని ఇల్లు అదొక్కటే అని పేరు. ఇద్దరి దగ్గరా ఉన్న తిట్లన్నీ రోజూ సాయంత్రం ఆ మేనత్త పట్టుకుపోయేది. ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

కొత్త నిబంధన సులువైనదే. దీపాలు పెట్టే వేళకి మునిసిపల్ సైరను కూస్తుంది. కూయగానే టీవీలు కట్టెయ్యాలి. మళ్ళీ కూసేదాకా ఆ సమయానికి 'విముక్త వేళ' అని పేరు. ఆ వేళలో ఎవరింట్లో టీవీ మోగినా తీరిక రక్షణ సిబ్బంది వచ్చి దాని మీద ముసుగు వేసి సీలు వేస్తారు. సిబ్బంది అంటే కుక్కల బండి మనుషులే. బండి కూడా అదే. దాని మీద కుక్క బొమ్మ పక్కన టీవీ బొమ్మ వేయించారు.

మొదటి సాయంత్రం సైరను కూసింది. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి జనం ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి, కరెంటు పోయినప్పుడు చూసుకున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. పోలినాయుడు బండిలో తిరుగుతూ తన వీధికే వచ్చాడు. పక్కింటి దాలమ్మ అరుగు మీద చుట్ట అడ్డపొగ పెట్టుకుని కూర్చుని ఉంది. పోలినాయుడి చిన్నతనం నుంచీ ఆమె ఆ అరుగు మీదే ఉంది.

"ఒరే పోలినాయుడూ! టీవీ కట్టీసినాను. ఇప్పుడేటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యక్కర్లేదు దాలప్పా. తీరిగ్గా ఉండాల."

"ఉన్నాను. తరవాత?"

తరవాత సంగతి ఉత్తర్వులో లేదు. "కనుక్కుని సెప్తాను" అని పోలినాయుడు బండెక్కేశాడు.

అతను కనుక్కునేలోపే జనం సొంతంగా ఒక పని కనిపెట్టారు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి ఎదురుగా మురుక్కాలవ ఉంది. వేరే చూడటానికి ఏమీ లేక దాన్ని చూశారు. రోజూ చూశారు. దాన్ని ఎవరూ తియ్యడం లేదని గమనించారు. తలెత్తి చూస్తే వీధి దీపం వెలగడం లేదని కూడా తెలిసింది. ఇళ్ళలో ఉండగా ఎవరికి వాళ్ళు అనుకున్నది, బయట కూర్చున్నాక అందరూ కలిసి అనుకున్నారు. వారం తిరక్కుండా వీధి వీధి నుంచీ జనం పురపాలక సంఘం మెట్ల మీదికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి కావలసినంత తీరిక ఉంది. ఎంతసేపైనా కూర్చోగలరు.

కమిషనరు గారు పోలినాయుణ్ణి పిలిపించారు.

"పోలినాయుడు గారూ, పౌరుడికి తీరిక ఇచ్చాం. అతను దాంతో కాలవలోకి చూస్తున్నాడు. కాలవలోకి చూడమని మన ఉత్తర్వులో ఎక్కడైనా ఉందా?"

"లేదండి సార్."

"అదీ అసలు సమస్య. దిశానిర్దేశం లేని తీరిక సమాజానికి టెలివిజన్ కంటే ప్రమాదకరం. తీరిక అనేది ఒక నైపుణ్యం. నేర్పితే గాని రాదు. నేర్పాలంటే ఎదురుగా ఒక నమూనా ఉండాలి. ఒక ఆదర్శ తీరిక కుటుంబం! టీవీ లేకుండా ఒక కుటుంబం సాయంత్రం ఎలా ఉల్లాసంగా గడుపుతుందో జనం చూసి నేర్చుకోవాలి."

"మంచిదండి సార్. ఎవరి కుటుంబమండి?"

కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. పోలినాయుడి వైపు ప్రసన్నంగా చూస్తూ ఉండిపోయారు. అంతసేపు చూశాక పోలినాయుడికి అర్థమైంది.

అతని ఇంటికి వీధి వైపు పెద్ద కిటికీ ఒకటి ఉంది. మర్నాటి నుంచి విముక్త వేళలో దాని తలుపులు బార్లా తీసి, కుటుంబమంతా సావిట్లో కూర్చుని ఉల్లాసంగా ఉండాలని ఆదేశం. సాయంత్రం వంట కూడా తీరిక కార్యక్రమమే గనక గ్యాసు పొయ్యి, ఉప్పూ పప్పూ డబ్బాలతో సహా సావిట్లోకి తెచ్చి, జనానికి కనపడేలా పెట్టాలి. టీవీని అచ్చియ్యమ్మ మంచం కిందికి తోసేశారు.

"ఉల్లాసం అంటే ఏటి నాన్నా చెయ్యాలి?" అని హైమ అడిగింది.

"ఏదో... అష్టాచెమ్మా ఆడదాం."

"నాకు రేపు పరీక్ష."

"ఉల్లాసంగా సదువుకో మరి."

సైరను కూసింది. కిటికీ తీశారు. బయట దాలమ్మ, నలుగురైదుగురు ఆడవాళ్ళు, పని లేని ఇద్దరు ముసలాళ్ళు నిలబడి ఉన్నారు. లోపల నలుగురూ, హైమ ఒళ్ళో పుస్తకంతో సహా, గీసిన గళ్ళ చుట్టూ కూర్చున్నారు. అచ్చియ్యమ్మ గవ్వలు వేసింది. పైడితల్లి వేసింది.  టీవీ లేకుండా అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చోవడం చాలా ఏళ్ళకి అదే మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

అచ్చియ్యమ్మ వేసిన గవ్వ ఒకటి అంచు మీద నిలబడింది. ఆవిడ దాన్ని వేలితో బోర్లించి, "అష్టా" అంది.

"అదెలాగత్తా? అది పడ్నేదు."

"పడింది. నాను సూసినాను."

"నువ్వు తోసినావు."

"ఈ ఇంట్ల గవ్వ పడిందో నేదో నాకు తెల్దేటి?"

పైడితల్లి చేతిలోని కాయ కింద పెట్టింది. "అవును. ఈ ఇంట్ల గవ్వలూ నీయే, గళ్ళూ నీయే. నాను వొచ్చిన కాణ్ణుంచీ ఏ పూట ఏ కూరో నువ్వే సెప్పినావు. ఏ పండక్కి ఏ సీరో నువ్వే సెప్పినావు. నానొక్కనాడు మాటాడితే ఒట్టు. ఆ టీవీ ఉండబట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూకున్నాను గానీ..."

"ఓలమ్మో! సూసినావురా నాయినా, నీ పెళ్ళాం మాట!"

పోలినాయుడు కిటికీ వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. ఉల్లాసం కోసం. అది చూసి పైడితల్లికి మరింత మండింది. ఆ సాయంత్రం ఆ సావిట్లో పెళ్ళినాటి నుంచి దాచిపెట్టిన మాటలన్నీ బయటికొచ్చాయి. రెండో సైరను కూశాక కిటికీ మూస్తుంటే బయట ఎవరో చప్పట్లు కొట్టారు.

"రేపు కూడా ఉంటాదేటి?" అని దాలమ్మ అడిగింది.

మర్నాడు కిటికీ ముందు వీధి సగం నిండింది. ఆ తరవాతి రోజుకి పూర్తిగా నిండి, పక్క వీధిలోకి పొర్లింది. పొడుగువాళ్ళు వెనక్కి, పొట్టివాళ్ళు ముందుకి అని పోలీసులు సర్దారు. ముంతకింద పప్పు అమ్మేవాళ్ళు బళ్ళు తెచ్చుకున్నారు. మురుక్కాలవ మీద బల్లలు వేసి ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆ బల్లల కింద కాలవ ఇక ఎవరికీ కనపడలేదు. పురపాలక సంఘం మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా లేచి ఇటే వచ్చేశారు.

కమిషనరు గారు స్వయంగా వచ్చి జనాన్ని చూసి పరవశించిపోయారు. "చూశారా పోలినాయుడు గారూ! ప్రజలు టెలివిజన్ వదిలి కుటుంబ జీవితాన్ని చూస్తున్నారు."

అంతలో వానాకాలం వచ్చిపడింది. జనం గొడుగులు వేసుకుని నిలబడితే వెనకవాళ్ళకి కనపడటం లేదని తగవులొచ్చాయి. మంచం పట్టినవాళ్ళకి, పసిపిల్లల తల్లులకి ఆదర్శ తీరిక అందడం లేదని కౌన్సిల్లో ప్రశ్నించారు. కమిషనరు గారు ఆలోచించి, తీరికను పౌరుడి గుమ్మంలోకే చేర్చాలని నిర్ణయించారు. పోలినాయుడి ఇంట్లో బీరువా మీద ఒక కెమెరా బిగించారు. దాని తీగ కేబుల్ వాళ్ళకి కలిపారు. ఆ సాయంత్రం నుంచి సైరను కూయగానే ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఇంట్లో కూర్చుని, టీవీ పెట్టుకుని, టీవీ చూడకుండా ఒక కుటుంబం ఎలా గడుపుతుందో చూడవచ్చు.

చూడవచ్చు అన్న మాట తొందరలోనే చూడవలెను అయింది. కుక్కల బండి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి టీవీ కట్టేసి ఉన్న ఇళ్ళ ముందు ఆగేది. ఒకరోజు పొద్దున్నే పోలినాయుడు దాలమ్మకి నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.

"నిన్న విముక్త వేళలో మీ ఇంట టీవీ కట్టేసి ఉందని రాసినారు దాలప్పా. సంజాయిషీ ఇవ్వాల."

"కట్టీమన్నది నువ్వే కదరా!"

"అది పాత ఉత్తర్వు."

"నీ ఇల్లు నా గోడ పక్కన్నే ఉంది. మీరేటి మాటాడుకున్నా నాకు ఇనపడతాది. టీవీ ఎందుకురా?"

"వినడం లెక్కలోకి రాదప్పా. చూడాల."

దాలమ్మ నోటీసు తీసుకుని, దాన్ని మడిచి, దాంతోనే చుట్ట అంటించుకుంది.

ఇంత జరుగుతున్నా ఎవరూ గమనించని విషయం ఒకటుంది. పోలినాయుడి ఇంట్లో పథకం నిజంగానే పనిచేసింది. అన్నీ అనేసుకున్నాక అత్తా కోడళ్ళకి ఒకరి మీద ఒకరికి కోపం తగ్గిపోయింది. ఒకరోజు కెమెరా లేని వేళ, మధ్యాహ్నం పెరట్లో, అచ్చియ్యమ్మ కోడల్ని పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె రాసింది. "రేపట్నుంచి కూర సంగతి నువ్వే సూసుకోయే. నాకూ ఆలోసించి ఆలోసించి బుర్ర ఏడెక్కిపోనాది" అంది. పైడితల్లి నవ్వింది. ఆ తరవాత సాయంత్రాలు ఇద్దరూ కెమెరా ముందు కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటూ, మెల్లిగా ఏవో చెప్పుకుంటూ ఉండేవారు. హైమ చదువుకునేది. పోలినాయుడు పక్కన కూర్చుని వాళ్ళని చూసేవాడు. చాలా బాగుండేది.

కమిషనరు గారి నుంచి పిలుపొచ్చింది.

"పోలినాయుడు గారూ, మీ గృహ వాతావరణంలో ఉద్రిక్తత గత కొంతకాలంగా సంతృప్తికరంగా లేదని గమనించడమైనది."

"సార్, వాళ్ళు కలిసిపోయారండి."

"ఎవరి అనుమతితో?"

కమిషనరు గారు బల్ల మీది నివేదికలు ముందుకు జరిపారు.

"చూడండి. చిక్కుళ్ళు ఒలవడం పౌరుల్ని ఆకట్టుకోవడం లేదు. జనం దొంగచాటుగా వేరే చానళ్ళు చూస్తున్నారని నివేదికలు వస్తున్నాయి. అంటే ఏమిటి? మళ్ళీ తీరిక పోతోంది! దానికి బాధ్యత ఎవరిది? వచ్చే వారం రాష్ట్ర స్థాయి బృందం వస్తోంది. మీ శ్రీమతి గారు కన్నీరు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"గుర్తు లేదండి."

"గుర్తు లేనంత కాలమైందన్నమాట. తగు చర్యలు తీసుకోండి."

పోలినాయుడు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగాడు. చెప్పేశాడు. పైడితల్లి అంతా విని, "అయితే నాను ఏడవాల" అంది.

"కొంచెం."

"దేనికి ఏడవాలో కూడా ఆ బాబే సెప్పినాడా?"

"అది మనిష్టమేనంట."

పైడితల్లి లోపలికి వెళ్ళి సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. సరిగ్గా ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సైరను కూసింది. బీరువా మీద కెమెరాకి ఎర్ర దీపం వెలిగింది. పోలినాయుడు భార్యని చూశాడు, ఎర్ర దీపాన్ని చూశాడు, గొంతు తగ్గించి అడిగాడు.

"పైడీ, నిజంగా ఎల్తన్నావా? కార్యక్రమానికి ఎల్తన్నావా?"

పైడితల్లి ఆగింది. అతని ముఖంలోకి చూసింది. అంతవరకూ వెళ్ళాలో వద్దో ఆమెకీ సరిగా తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"నీకు తెలీటం నేదా మావా?"

"నేదే."

"అయితే నిజంగానే ఎల్తన్నాను."

"ఉండే, నానూ వొత్తాను" అంటూ అచ్చియ్యమ్మ లేచింది. నాన్నమ్మ వెనకే హైమ పుస్తకాలు సర్దుకుంది. పక్క వీధిలో పైడితల్లి అక్క ఇల్లు ఉంది. ముగ్గురూ అక్కడికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కొత్తగెడ్డలో ఒక్క మనిషి కూడా వేరే చానల్ పెట్టలేదు. తెర మీద సావిట్లో పోలినాయుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కాసేపు గవ్వలు వేసుకున్నాడు. గళ్ళ అటువైపు ఎవరూ లేకపోతే ఆట సాగదని గ్రహించి లేచాడు. మరునాడు కూడా అంతే. మూడో సాయంత్రానికి హోటలు తిండి పడక, పప్పు వండుకుందామని పొయ్యి వెలిగించాడు. పప్పు ఉడికింది. ఉప్పు కోసం చూశాడు. ఈ డబ్బా మూత తీశాడు, ఆ డబ్బా మూత తీశాడు. ఒకదాంట్లో వేలు పెట్టి నాకి చూశాడు. అది వంటసోడా.

"పొయ్యెనకాల!" అని ఎదురింట్లోంచి ఎవరో అరిచారు.

"పసుపు డబ్బా పక్కన, మూత లేని జాడీ!" అని ఇంకో ఇంట్లోంచి కేక.

"ఒరే, ఎర్ర జాడీరా! కుడి సెయ్యేపు!" అని గోడ పక్కనుంచి దాలమ్మ.

వీధి వీధంతా అరుస్తోంది. ఉప్పు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. పైడితల్లి రోజూ దాన్ని ఎక్కడినుంచి తీస్తుందో, ఎన్ని వేళ్ళతో తీస్తుందో కూడా తెలుసు. పోలినాయుడు గరిటె పట్టుకుని ఆ కేకలన్నీ వింటూ నిలబడిపోయాడు. అతను కుడి చేతి వైపు చెయ్యి చాపాడు. ఎర్ర జాడీ తగిలింది.

దాన్ని చేత్తో పట్టుకుని బీరువా మీది కెమెరా వైపు చూశాడు.

"పైడీ! ఊరందరికీ తెలుసునే. నాకే తెలీదు. ఇన్నేళ్ళూ తిన్నాను, ఒక్కపూటా ఇటేపు సూడ్నేదు." ఇంకేదో అనబోయాడు. పప్పు మాడు వాసన వస్తే పొయ్యి ఆపడానికి వంగాడు.

పక్క వీధిలో అక్క ఇంట్లో టీవీ ముందు చాప మీద కూర్చుని ఉన్న పైడితల్లి లేచి చెప్పులేసుకుంది. వీధి గుమ్మంలోంచి వస్తే కెమెరాకి కనపడుతుంది. అందుకని సందులోంచి తిరిగొచ్చి పెరటి తలుపు తట్టింది. తెర మీద ఊరికి కనిపించింది ఇంతే: పోలినాయుడు ఉలిక్కిపడి లోపలికి వెళ్ళాడు. ఖాళీ సావిడి. రెండో సైరను దాకా ఖాళీ సావిడే. ఈ లోపల కమిషనరు గారు ఎన్నిసార్లు ఫోను చేశారో, "ఆవిణ్ణి ముందు గదిలోకి తీసుకురండి! అసలైన ఘట్టం పెరట్లో వృథా అయిపోతోంది!" అని ఎంత మొత్తుకున్నారో, ఫోను సావిట్లోనే ఉండిపోయింది గనక పోలినాయుడికి తెలియలేదు.

పెరట్లో బట్టలుతికే బండ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"అడగనా?" అన్నాడు పోలినాయుడు.

"అక్కర్నేదు. తిరిగొచ్చింది నిజంగానే."

అతనన్నాడు: "వద్దని రాసిచ్చేద్దును. ఆదర్శ కుటుంబంగా ఉండనంటే ఒప్పుకోరంట. నిబంధన నేదంట. ఏదైనా తప్పు సేత్తే తీసేస్తారు."

"ఏటి తప్పు?"

"మరీ పెద్ద తప్పే అవ్వాల."

పైడితల్లి ఆలోచించింది. "ఆదర్శ కుటుంబం టీవీ సూడకూడదు కదా?"

"కూడదు."

"అత్త మంచం కింద మన టీవీ ఉంది కదా?"

పోలినాయుడు భార్య వైపు తిరిగి చూశాడు. ఆ చీకట్లో ఆమె నవ్వుతోందని అతనికి కనపడకుండానే తెలిసింది.

రాష్ట్ర స్థాయి బృందం వచ్చిన రోజు పురపాలక సంఘం హాల్లో పెద్ద తెర కట్టారు. బృందం నాయకుడుగా వచ్చిన డైరెక్టరు గారికి కమిషనరు గారు స్వయంగా కుర్చీ వేశారు. "ఈ కుటుంబం టెలివిజన్ ముఖం చూడదు సార్. దీన్ని చూసి నేర్చుకోవడానికి పట్టణంలోని ప్రతి పౌరుడూ ఈ సమయానికి టెలివిజన్ ముందు సిద్ధంగా ఉంటాడు." డైరెక్టరు గారు తల పంకించారు.

సైరను కూసింది. తెర మీద సావిడి కనపడింది. అత్తా కోడలూ ఒకే చాప మీద కూర్చుని ఉన్నారు. వెనక హైమ ఉంది. ఎదురుగా స్టూలు మీద ఏదో పెట్టె, దాని మీద దుప్పటి. పోలినాయుడు లోపలి నుంచి వచ్చి దుప్పటి తీసి, తీగ తగిలించి, మీట నొక్కి, భార్య పక్కన చాప మీద కూర్చున్నాడు.

పెట్టె వెలిగింది. దాంట్లో ఒక సావిడి. చాప మీద నలుగురు మనుషులు. వాళ్ళ ఎదురుగా ఒక పెట్టె. దాంట్లో చిన్న సావిడి.

 హాల్లో డైరెక్టరు గారు తెర వైపు వంగి అడిగారు: "వీళ్ళు ఏం చూస్తున్నారు?"

"తమనే సార్," అన్నారు కమిషనరు గారు నీరసంగా.

"ఏం చేస్తుండగా?"

"టీవీ చూస్తుండగా సార్."

"ఆ టీవీలో?"

కమిషనరు గారు జేబులోంచి రుమాలు తీశారు. తెర మీద అచ్చియ్యమ్మ ముందుకు వంగి, పెట్టెలోకి తేరిపార చూసి, "ఆ ముసలిది నానేనేటే? అలగ ముడతలు పడిపోనానేటి?" అంది. పెట్టెలోని అచ్చియ్యమ్మ కూడా అదే అంది. పైడితల్లికి నవ్వు ఆగలేదు. తరవాత నలుగురూ పడీ పడీ నవ్వారు. ఊరంతా, ఎందుకో తెలియకుండానే, నవ్వింది.

హాల్లో మాత్రం చర్చ మొదలైంది. విముక్త వేళలో ప్రతి కుటుంబమూ ఈ కార్యక్రమం చూసి తీరాలని ఒక ఉత్తర్వు ఉంది. ఆ ప్రకారం పోలినాయుడి కుటుంబం చూడకపోతేనే తప్పు. ఇన్నాళ్ళూ చూడనందుకు వాళ్ళకి నోటీసు ఇవ్వాల్సింది. ఆదర్శ కుటుంబం ఎన్నడూ టీవీ చూడరాదని ఇంకో ఉత్తర్వు ఉంది. ఆ ప్రకారం చూస్తే తప్పు. రెండు ఉత్తర్వుల మీదా ఒకరే సంతకం చేశారు. ఆ ఒకరు చెమట తుడుచుకుంటున్నారు. డైరెక్టరు గారు రెండు రకాల తప్పులకీ కలిపి ఒకటే శిక్ష వెయ్యడం పరిపాలనా సౌలభ్యమని తేల్చారు.

మర్నాడు పోలినాయుడికి ఉత్తర్వు అందింది. 'ప్రజా విశ్రాంతిని దుర్వినియోగం చేసిన కారణంగా సదరు ఉద్యోగిని తీరిక రక్షణ బాధ్యతల నుంచి తొలగించి, కేవలం కుక్కలకు పరిమితం చేయడమైనది. సదరు కుటుంబాన్ని విముక్త వేళకు అనర్హులుగా ప్రకటించడమైనది. ఇకపై ఆ వేళలో వారు చేయు పనులను పురపాలక సంఘం ఎంతమాత్రం పట్టించుకొనజాలదు.' చివరి వాక్యం పోలినాయుడు రెండుసార్లు చదువుకున్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఏ కాగితమూ అతనికి అంత సంతోషం కలిగించలేదు. కమిషనరు గారి పథకం డైరెక్టరు గారికి నచ్చింది. రాష్ట్రమంతా విస్తరించడానికి ఆయన్ని రాజధానికి తీసుకుపోయారు.

కెమెరా విప్పుకుపోయిన రోజు సాయంత్రం పోలినాయుడు, పైడితల్లి పెరట్లో బండ మీద కూర్చున్నారు. సైరను కూసింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. కదలక్కర్లేదు.

గోడ మీంచి దాలమ్మ తల కనపడింది. "కొత్త ఆదర్శ కుటుంబాన్ని సూపిత్తన్నారు, వొత్తారేటి? టౌన్ ప్లానింగాయన ఇల్లంట. ఆళ్ళు మీలాగ కాదు, మొదట్నుంచీ దెబ్బలాటే!"

లోపల్నుంచి అచ్చియ్యమ్మ, "ఉండే దాలమ్మా, వొచ్చీసినాను!" అంటూ వీధి గుమ్మంలోంచి పరిగెత్తినంత పని చేసింది.

"నువ్వూ ఎల్తావేటి మావా?" అంది పైడితల్లి.

"ఎల్లను. నువ్వు?"

"నానూ ఎల్లను."

గాలి చల్లగా వీస్తోంది. దాలమ్మ ఇంట్లో టీవీ పెద్దగా మోగుతోంది. అందులో ఏదో గిన్నె దూరంగా విసిరేసిన చప్పుడైంది. ఒకావిడ ఏడుస్తూ ఏదో అంటోంది. ఒక మగ గొంతు అడ్డుపడింది. పోలినాయుడు మాట్లాడబోతే పైడితల్లి చెయ్యెత్తి ఆపింది.

"ఆవిడి తప్పేటీ నేదు" అంది. "ఆ మొగుడిదే."

"సూడకుండానే ఎలాగ సెప్తావే?"

"ఇనపడతంది కదా."

పోలినాయుడు బండ మీద కొంచెం గోడ వైపు జరిగి కూర్చున్నాడు. పైడితల్లి కూడా జరిగింది. వినడం గురించి అప్పటికింకా ఉత్తర్వులేవీ రాలేదు.